అపహాస్యమును సహించుట యననేమి?

దేహమునకు తగిలిన దెబ్బ కొన్నాళ్లకు మానును. మనస్సునకు తగిలిన మాట అంత త్వరగా మానదు. అందులోను పదిమంది యెదుట నవ్వులపాలైనవారి బాధ మఱింత లోతుగా నుండును. కొట్టినవానిని చూచి లోకము తప్పుపట్టును. ఎగతాళి చేసినవానితో గలిసి తానును నవ్వును. పరిహాసమున కున్న క్రూరత్వ మిదియే. నలుగురి నడుమ మెలగవలసిన గృహిణులకు ఈ సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. రూపమును గూర్చియో, పుట్టినింటి లేమిని గూర్చియో, సంతానము లేకపోవుటను గూర్చియో, భక్తిని గూర్చియో యొక యెత్తిపొడుపు మాట విననివారు మనలో నరుదు.

ఈస్టరు పండుగకు ముందు వచ్చు నలువది దినములను తెలుగు క్రైస్తవులు శ్రమకాల మందురు. ఆ దినములలో క్రీస్తు పొందిన బాధలను గూర్చిన పాఠములు దేవాలయములలో చదువబడును. మంచి శుక్రవారమునాడు ఆయన సిలువపై పలికిన యేడు మాటలమీద ప్రసంగములు జరుగును. ఆ ప్రసంగములు విని యింటికి మరలివచ్చిన స్త్రీలలో ననేకులకు ఒక సందేహము కలుగుట సహజము. క్రీస్తు సహించెను గదా, నీవును సహింపుమని పెద్దలు చెప్పుదురు. మంచిమాటయే. కాని యెంతవఱకు సహింపవలయును? ప్రతి యవమానమును నోరెత్తక మ్రింగుటయేనా సహనము? అట్లు మ్రింగినందువలన ఎవరికి మేలు? క్రైస్తవ లేఖనములు ఈ ప్రశ్నలకు ఏమి సమాధానము చెప్పుచున్నవో యీ మాసము మా చదువరులతో గూడ విచారింపదలచితిమి. క్రైస్తవులు కాని సోదరీమణులకును ఈ విచారణ పరాయిది కాదని మా నమ్మకము.

మొదట మాటలను గూర్చి కొంచెము చెప్పెదము. మన నిత్యవ్యవహారములో శ్రమ యనగా కష్టపడి పని చేయుట. తెలుగు బైబిలులో ఆ మాటకు బాధ, హింస యను అర్థము. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది. మన యనువాదములో ఓర్పు అని యున్నచోట గ్రీకులో సాధారణముగా హూపొమొనే యను పద ముండును. బరువు క్రింద తొలగక నిలిచియుండుట యని దాని భావము. దీర్ఘశాంతము అని యున్నచోట మక్రోథూమియా యను పద ముండును. కోపము రేగుటకు చాలకాలము పట్టు స్వభావ మని దాని భావము. మొదటిది నిలుకడను చెప్పును. రెండవది నిదానమును చెప్పును. నోరు మూసికొని పడియుండుట యను అర్థము ఈ రెంటిలో దేనికిని లేదు. ఈ భేదమును మనస్సునందుంచుకొని లేఖనములలోని కథలను చూతము.

పాత నిబంధనలోని మొదటి సమూయేలు గ్రంథము ఒక యింటి కథతోనే ప్రారంభమగుచున్నది. ఎఫ్రాయిము మన్యములో ఎల్కానా యను గృహస్థుడుండెను. ఆయనకు హన్నా, పెనిన్నా యని యిద్దఱు భార్యలు. పెనిన్నాకు బిడ్డలు కలరు, హన్నాకు లేరు. ఏటేట ఎల్కానా కుటుంబముతో గూడ షిలోహునకు పోయి బలి యర్పించి, ఆ విందులో భార్యాబిడ్డలకు పాళ్లు పంచిపెట్టెడివాడు. హన్నాయందలి మక్కువచేత ఆమెకు రెండు పాళ్లిచ్చెడివాడు. ఆ పండుగవేళనే పెనిన్నా ఆమెను దెప్పి యేడిపించెడిది. ఒకనాటితో పోయినది కాదు. ఏటేట నదే తంతు. అందఱును భుజించుచుండ హన్నా కన్నీరు పెట్టుకొని భోజనము మానెడిది.

ఈ కథ వ్రాసినవారికి సంసారముల గుట్టు బాగుగా తెలియునని మాకు తోచును. ఎత్తిపొడుపు మాట పనిదినములకంటె పండుగనాడే హెచ్చుగా వినవచ్చును. అందఱును కూడిన చోటనే లేనివారి లేమి బయటపడును. ఇక భర్త యేమి చేసెను? పదిమంది కుమారులకంటె తాను మేలు కాడా యని హన్నాను ఓదార్చెను. ఆయన ప్రేమ నిజమైనదే. కాని పెనిన్నాను మందలించినట్లు కథలో నొక్క మాటయు లేదు. ఏడ్చుదానిని ఊరడించుట సులభము. ఏడిపించుదానిని ఆపుట కష్టము. ఎల్కానా సులభమైన పనిని చేసి ఊరకుండెను. ఇట్టి యెల్కానాలు మన యిండ్లలో లేరా?

హన్నా పెనిన్నాతో కలహింపలేదు. లేచి దేవుని మందిరమునకు పోయి, తన దుఃఖమునంతయు దేవుని సన్నిధిని కుమ్మరించెను. పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడదాయెను. మందిరద్వారమునొద్ద కూర్చుండియున్న యాజకుడు ఏలీ ఆమెను చూచి, మద్యము త్రాగి వచ్చినదని తలచి గద్దించెను. ఇది రెండవ యవమానము. మొదటిది సవతి చేసినది. ఇది గురుస్థానమందున్నవాడు చేసినది. ఇక్కడ హన్నా యేమి చేసినదో మా చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. ఆమె తల వంచుకొని వెడలిపోలేదు. తాను త్రాగినదానను కానని, మనోదుఃఖముచేత ప్రార్థించుచున్నానని, తన్ను పనికిమాలిన స్త్రీగా నెంచవలదని వినయముగను స్పష్టముగను చెప్పెను. ఆ మాట విని వృద్ధుడైన యాజకుడు తన తలంపు మార్చుకొని ఆమెను దీవించెను.

ఒకే స్త్రీ, ఒకే దినమున, రెండు విధములుగా ప్రవర్తించెను. సవతి యెగతాళికి ఎదురు పలుకలేదు; యాజకుని అపనిందకు మాత్రము సమాధానము చెప్పెను. ఎందుకు? పెనిన్నా మాటకు ఎంత సమాధానము చెప్పినను ఆ మాట ఆగునది కాదు. ఆమె కోరినది సమాధానము కాదు, కన్నీరు. ఏలీ యట్లు కాదు. ఆయన పొరబడెను, నిజము చెప్పినచో దిద్దుకొనగలవాడు. ఎవరికి మౌనము, ఎవరికి మాట తగునో తెలిసికొనుట సహనములో సగభాగము.

కథలోని మఱియొక వాక్యమును చాలమంది చదివి దాటిపోవుదురు. ప్రార్థించి వచ్చిన పిమ్మట హన్నా భోజనము చేసెను. నాటినుండి ఆమె మోమున దుఃఖము కనబడలేదు. అప్పటికి ఆమె గర్భవతి కాలేదు. పెనిన్నా నోరు కట్టుబడలేదు. ఇంటిలో నేమియు మారలేదు. మారినది హన్నా మనస్సు మాత్రమే. అంతవఱకు తన విలువను పెనిన్నా నోటినుండి వినుచుండెను. ఆనాటినుండి దేవుని యెదుట తానెవరో తెలిసికొనెను. నవ్విన నాపచేనే పండునని మన సామెత. పిమ్మట హన్నాకు సమూయేలు పుట్టుటచేత ఆ సామెత నిజమే యయ్యెను. కాని చేను పండకముందే ఆమె ఏడుపు మానినదని గ్రంథము చెప్పుచున్నది. చేను ఎన్నటికిని పండని సోదరీమణులకు ఈ వరుస యెంత ముఖ్యమో వేఱుగ చెప్పనేల?

ఓర్పునకు పేరుపడినవాడు యోబు. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, దేహమంతయు పుండ్లతో నిండి బూడిదెలో కూర్చున్న ఆయనను చిన్నవాండ్రు సైతము పరిహసించిరి. ఓదార్పవచ్చిన మిత్రులు, నీవేదో పాపము చేసియుందువను భావముతో వాదించిరి. యోబు వారి మాటను ఒప్పుకొనలేదు. తాను పుట్టిన దినమును శపించుకొనెను, దేవునితోడనే వాదించెను. తుదకు దేవుడు తప్పుపట్టినది ఆ మిత్రులను. యోబువలె వారు యుక్తముగా పలుకలేదనెను. కావున ఏడ్చుట, అడుగుట, మొఱపెట్టుట ఓర్పునకు విరుద్ధములు కావని ఈ గ్రంథమువలన తెలియుచున్నది. బాధపడువారిని చూచి నీ కర్మమని, నీ పాపమని పలుకుటయే విరుద్ధము.

ఇక క్రీస్తు కథకు వత్తము. నాలుగు సువార్తలను కలిపి చదివినచో ఆయన నాలుగు చోట్ల నవ్వులపాలైనట్లు కనబడును. మొదట ప్రధానయాజకుని యింట కావలివారు ఆయన కన్నులకు గంత కట్టి కొట్టి, కొట్టినదెవరో ప్రవచింపుమని యెగతాళి చేసిరి. రెండవసారి హేరోదు తన సైనికులతో గూడి ఆయనను తృణీకరించి, ప్రశస్తమైన వస్త్రము తొడిగించి పంపెను. మూడవసారి రోమా యధిపతియైన పిలాతు సైనికులు ఆయనకు రాజవేషము వేసి, ముండ్లతో కిరీట మల్లి తలపై పెట్టి, చేతికి రెల్లు నిచ్చి, మోకాళ్లూని మ్రొక్కినట్లు నటించి, ఉమ్మివేసి, ఆ రెల్లుతోనే తలపై కొట్టిరి. నాల్గవసారి సిలువచెంత దారిని పోవువారు తలలూచి దూషించిరి. ఇతరులను రక్షించినవాడు తన్ను తాను రక్షించుకొనలేడాయని పెద్దలు నవ్విరి.

రోమీయుల కాలమున సిలువ కేవలము చంపుటకు మాత్రమే యేర్పడిన సాధనము కాదు. బానిసలను, తిరుగుబాటుదారులను బాటప్రక్కన అందఱి యెదుట వ్రేలాడదీసి సిగ్గుపఱచుట దాని యుద్దేశము. అనగా అపహాస్యము ఆ శిక్షలో నొక భాగమే. ప్రవక్తయైనవానిని గంత కట్టి ప్రవచింపుమనిరి, రాజైనవానికి ముండ్ల కిరీటము పెట్టిరి, రక్షకుడైనవానిని రక్షించుకొమ్మనిరి. తల పైన హెబ్రీ, లాటిను, గ్రీకు భాషలలో యూదుల రాజని వ్రాసిన పలక యొకటి కట్టిరి. ఎగతాళికై పలికిన ప్రతి మాటను క్రైస్తవ విశ్వాసము తరువాత సత్యముగానే స్వీకరించినది. నవ్వినవారు తమకు తెలియకయే సాక్ష్యము పలికిరని సువార్తికుల భావము.

ఆయన అచ్చట ఏమి చేసెను? హేరోదు ప్రశ్నలకు సమాధాన మీయలేదు. సిలువపై దూషణకు ప్రతిదూషణ చేయలేదు. తన్ను చంపువారి క్షమాపణకై తండ్రిని ప్రార్థించెనని లూకా వ్రాసెను. అంతటితో ఆపినచో చిత్రము సగమే యగును. దేవుడు తన్నేల విడిచెనను భావముతో ఆయన బిగ్గరగా మొఱపెట్టెనని మత్తయి, మార్కు చెప్పుచున్నారు. అది 22వ కీర్తన ప్రారంభము. ఆ కీర్తనలోనే తలలూచి నవ్వువారి ప్రస్తావన కలదు. అనగా నవ్వులపాలైన పూర్వుల యేడుపును ఆయన తన యేడుపుగా చేసికొనెను. బాధ లేనట్లు నటించుట ఆయన నేర్పిన సహనము కాదు.

మఱియొక ఘట్టము యోహాను సువార్తలో నున్నది. ప్రధానయాజకుని విచారణలో ఒక బంట్రౌతు ఆయన చెంపపై కొట్టెను. ఒక చెంపపై కొట్టినవానికి రెండవ చెంపను త్రిప్పుమని కొండమీద బోధించినవాడు ఆయనయే. అప్పుడాయన చేసినదేమి? తాను తప్పు పలికినచో ఆ తప్పు చూపుమని, న్యాయముగా పలికినచో ఎందుకు కొట్టితివని అడిగెను. తిరిగి కొట్టలేదు, కాని ఆ దెబ్బ న్యాయమైనదని యొప్పుకొననులేదు. రెండవ చెంపను త్రిప్పుమన్న బోధ పగ తీర్చుకొనవలదని చెప్పుచున్నదే గాని, అన్యాయమును అన్యాయమని పలుకవలదని చెప్పుటలేదు. బోధించినవాని నడవడియే ఆ బోధకు మంచి వ్యాఖ్యానము.

అంతియే కాదు. నజరేతు ఊరివారు ఆయనను కొండ కొమ్మునుండి త్రోసివేయగోరినప్పుడు ఆయన వారి నడుమనుండి దాటిపోయెను. రాళ్లు రువ్వ నుద్దేశించినప్పుడు మఱుగై వెడలిపోయెను. ఒక పట్టణమున హింసించినచో మఱియొక పట్టణమునకు పాఱిపొమ్మని శిష్యులకు చెప్పెను. తప్పించుకొనగల హింసనుండి తప్పించుకొనుట భక్తిలోపము కాదని ఈ ఘట్టములవలన స్పష్టము. ఆయన తుదకు సిలువను పొందినది తప్పించుకొను మార్గము లేకకాదు. తాను వచ్చిన పనిని విడువక, తెలిసి, తన యిష్టముతో స్వీకరించెనని లేఖనములు చెప్పుచున్నవి. ఇష్టముతో మోసిన బరువునకును, బలవంతముగా మీద పెట్టబడిన బరువునకును భేదము కలదు. ఒకరి సిలువను మఱియొకరు నిర్ణయించి భుజముపై నెత్తుట క్రీస్తు మార్గము కాదు.

అపొస్తలుల కార్యములలో పౌలు కథ దీనిని బలపఱచుచున్నది. సుమారు క్రీ.శ. 50లో మాసిదోనియలోని ఫిలిప్పీ పట్టణమున పౌలును, సీలను విచారణ లేకయే బెత్తములతో కొట్టించి చెఱసాలలో వేసిరి. ఆ రాత్రి వారు పాటలు పాడి దేవుని స్తుతించిరి. దీనినే ప్రసంగములలో తఱచుగ వినుచుందుము. తెల్లవారిన తరువాత జరిగినది అంతగా వినము. వారిని చప్పుడు లేక పంపివేయుడని న్యాయాధిపతులు వర్తమానము పంపగా పౌలు ఒప్పుకొనలేదు. తాము రోమా పౌరులమని, బహిరంగముగా కొట్టించి రహస్యముగా వెళ్లగొట్టుట తగదని, ఆ యధికారులే స్వయముగా వచ్చి తీసికొనిపోవలెనని చెప్పించెను. వారు భయపడి వచ్చి బతిమాలుకొనిరి. రాత్రి పాడిన నోటితోనే ఉదయమున న్యాయమడిగెను. పౌలు వెడలిన తరువాతను ఆ యూరిలో లుదియ యను స్త్రీయు, క్రొత్తగా విశ్వసించినవారును నివసింపవలసియుండెను. వారిమీద మఱల చేయి పడకుండ నుండుటకే ఆయన అట్లు పట్టుపట్టెనని మాకు తోచుచున్నది.

స్త్రీలకు ఓర్పు బోధించువారు హెచ్చుగా చూపునది పేతురు మొదటి పత్రికను. యజమాని క్రూరుడైనను లోబడియుండుమని అందులో సేవకులకును, తరువాత భార్యలకును బోధ కలదు. క్రీస్తు మాదిరిని అచ్చటనే చూపెను. ఆ పత్రిక వ్రాయబడిన కాలమున బానిసకు న్యాయస్థానము లేదు. కొట్టిన యజమానునిపై చెప్పుకొనుటకు చోటు లేదు. ఏ దారియు లేనివారితో, మీ బాధను దేవుడు చూచుచున్నాడు, మీ మనస్సును మాత్రము క్రూరత్వమునకు అప్పగింపకుడని ధైర్యము చెప్పిన మాటలవి. బాధపడువారికి ధైర్యముగా చెప్పినదానిని బాధపెట్టువారికి అధికారముగా మార్చుట లేఖనమునకు అన్యాయము చేయుట. ఆ పత్రికయే భర్తలను హెచ్చరించుచు, భార్యను గౌరవింపనివాని ప్రార్థనలకు అడ్డము కలుగునని చెప్పుచున్నది. ఆ వాక్యము ప్రసంగములలో తక్కువగా వినబడుటకు కారణమేమో!

లేఖనములను నమ్మి జీవించినవారు అపహాస్యము నెట్లు సహించిరో చూపు రెండు నిదర్శనములు కలవు. రోములోని పాలటైను కొండపై 1857లో ఒక పాతగోడపై గీతలు బయటపడెను. సిలువపై గాడిదతల గల మనుష్యుని బొమ్మయు, దాని యెదుట చేయెత్తి నిలిచిన యొక యువకుని బొమ్మయు గీయబడియున్నవి. అలెక్సమెనొస్ తన దేవుని పూజించుచున్నాడని క్రింద గ్రీకులో వ్రాతయున్నది. తోడివాడెవడో అతనిని ఏడిపించుటకు గీసినదని స్పష్టము. సుమారు క్రీ.శ. 200 నాటిదని పండితుల యభిప్రాయము. ప్రక్కగదిలో వేఱొక చేతివ్రాతతో, అలెక్సమెనొస్ విశ్వాసముగలవాడను భావముగల లాటిను మాటలు కనబడినవి. వ్రాసినదెవరో తెలియదు. నేడు మనకు నిలిచినది నవ్వబడినవాని పేరే. నవ్వినవాని పేరు లోకము మఱచిపోయినది.

రెండవది ఆఫ్రికాలోని కార్తేజి నగరమున క్రీ.శ. 203లో జరిగిన కథ. పెర్పెతువా యను చంటిబిడ్డ తల్లియు, ఫెలిసితాసు అను దాసియు, మఱికొందఱును క్రైస్తవులైనందుకు మృగములకు వేయబడిరి. పెర్పెతువా చెఱలో నుండి వ్రాసికొనిన దినచర్య నేటికిని నిలిచియున్నది. ప్రాచీన క్రైస్తవ స్త్రీల రచనలలో మనకు దక్కిన మిక్కిలి పాతవానిలో అది యొకటి. ఫెలిసితాసు అప్పటికి ఎనిమిదవ నెల గర్భిణి. చెఱసాలలోనే నొప్పులు వచ్చి ఆమె బాధతో మూల్గుచుండగా కావలివాడొకడు, ఇప్పుడే యింత యేడ్చుదానవు మృగముల యెదుట ఏమి చేయుదువని హేళన చేసెను. ఇప్పటి బాధ తానొంటరిగా పడుచున్నదనియు, అప్పుడు తనకొఱకు బాధపడువాడొకడు తనలో నుండుననియు ఆమె బదులు చెప్పెను. పిమ్మట ఆడుశిశువు కలిగెను. తోటి విశ్వాసిని యొకతె ఆ బిడ్డను పెంచుకొనెను. ఆమె మూల్గినది, మూల్గుటకు సిగ్గుపడలేదు. హేళనకు బదులు చెప్పినది, కాని తిట్టలేదు. ప్రసవవేదనను ఎఱిగిన సోదరీమణులకు ఆ జవాబు విలువ తెలియకపోదు.

పైన చెప్పిన కథలన్నిటినుండి మేము గ్రహించిన సారము ఒక్కటే. సహనమనగా నవ్వువాడు మనకిచ్చు విలువను మన విలువగా అంగీకరింపకుండుట. వాని యాయుధమును మన చేత పట్టకుండుట. వాని తప్పును ఒప్పని యనుట సహనము కాదు. వాని తప్పును దాచుట అంతకంటెను కాదు.

కావున సత్యము నిమిత్తమో, భక్తి నిమిత్తమో, చేసిన మంచిపని నిమిత్తమో కలిగిన ఎగతాళిని ధైర్యముతో మోయవచ్చును. అది మనలను చెఱుపదు. అపార్థమువలన కలిగిన నిందకు హన్నావలె మర్యాదతో సమాధానము చెప్పవచ్చును. కాని యింటిలో దినదినము కొట్టుట, తిట్టుట, అన్నవస్త్రములకు ఏడిపించుట జరుగుచున్నప్పుడు దానిని సిలువయని పిలుచుట తగదు. అది నేరము. భారతదేశమున 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చిన గృహహింస చట్టము దేహబాధను మాత్రమే గాక మాటలతో చేయు బాధను గూడ హింసగా నెంచుచున్నది. బిడ్డలు లేరనియు, మగబిడ్డ లేడనియు అవమానించుటను, ఎగతాళి చేయుటను ఆ చట్టము ప్రత్యేకముగా పేర్కొన్నది. హన్నా కన్నీటికి ఆనాడు లేని చోటు ఈనాటి స్త్రీకి కలదన్నమాట. మెజిస్ట్రేటు నొద్ద రక్షణ కోరవచ్చును. ఇంటినుండి వెడలగొట్టబడకుండ ఉత్తరువు పొందవచ్చును. 181 అను సంఖ్యకు టెలిఫోను చేసి సహాయ మడుగవచ్చును. పౌలు తన పౌరసత్వమును చెప్పుకొనుట విశ్వాసలోపము కానప్పుడు, మన సోదరి చట్టమును చెప్పుకొనుట ఎట్లు లోపమగును?

ఇంతవఱకు నవ్వులపాలైనవారితో మాటలాడితిమి. నవ్వువారితో గూడ ఒక మాట చెప్పక ఈ వ్యాసమును ముగింపరాదు. హన్నాను ఏడిపించినది పరాయి పురుషుడు కాదు. ఆ యింటి స్త్రీయే. పెనిన్నాకు బిడ్డలుండిరి గాని భర్త మక్కువ సవతిపై నుండెను. ఆ కడుపుమంటయే నోటినుండి వెలువడెను. తోడికోడలిని, కోడలిని, వదినను, పనిమనిషిని మాటలతో గుచ్చునప్పుడు మన మనస్సులో నే గాయము సలుపుచున్నదో ఒకమాఱు చూచుకొనవలెను. పేదవానిని వెక్కిరించువాడు ఆ పేదను సృజించినవానినే నిందించుచున్నాడని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. స్త్రీల మాటను తేలికగా కొట్టివేయుట అపొస్తలులకే తప్పలేదు. క్రీస్తు లేచెనను వార్తను సమాధియొద్దనుండి మొదట తెచ్చిన స్త్రీల మాటను వారు వెఱ్ఱిమాటగా తలచిరని లూకా దాచక వ్రాసెను. ఆ వెఱ్ఱిమాటయే క్రైస్తవ మతమునకు పునాది యయ్యెను.

నవ్వక, నవ్వబడక, ప్రక్కన నిలిచి చూచువారి సంగతియు కలదు. సిలువచెంత అంతమంది దూషించుచుండగా ఆ దూషణను ఆపుమని గద్దించినవాడు ఒక్కడే యని లూకా సువార్తవలన తెలియుచున్నది. అతడు ప్రక్కసిలువపై వ్రేలాడుచున్న నేరస్థుడు. అతని చేతులకు మేకులు. అతనికి మిగిలినది నోరొక్కటే. ఆ నోటిని అతడు ఎగతాళికి గాక న్యాయమునకు వినియోగించెను. మన చేతులకు మేకులు లేవు. పండుగనాడు పంక్తిలో నొక సోదరి కన్నీరు పెట్టునప్పుడు, చాలునమ్మా ఆ మాట అని పలుకుటకు ఒక్కరున్నను ఆ యింట సహింపవలసిన బాధ సగము తగ్గును. అట్టి ఒక్క నోరు ప్రతి యింటను కలుగుగాక యని మేము కోరుచున్నాము.